నీటి నడక

గాలం విసరాలంటే కొసన బరువుండాలి. కోనసీమ కాలువ గట్ల మీద పెరిగిన వాళ్లకి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. కర్రకి దారం, దారానికి జీలుగు బెండు, దాని కింద సీసపు గుండు, చివర గాలానికి గుచ్చిన ఎర్ర. గుండు ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. బెండు మునిగితే చేప తగిలినట్టు. వేసవిలో కాలువలు కట్టేశాక గుంటల్లో మిగిలిన నీళ్లలో పరిగెల్నీ, జెల్లల్నీ, అదృష్టం బాగుంటే ఓ కొర్రమీనునీ ఇలాగే పట్టేవాళ్లం.

న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల మధ్య పారే బీవర్‌కిల్ ఏట్లో, మే నెల మొదట్లో, తొడల దాకా రబ్బరు పంట్లాం తొడుక్కుని నిలబడితే ఆ వరస మొత్తం తిరగబడింది. ట్రౌట్ చేప కోసం ఫ్లై ఫిషింగ్ చెయ్యడం నాకదే మొదలు. ఇక్కడ కొసన బరువే ఉండదు. ఎరగా వాడే ఫ్లై ఒక చిన్న కొక్కెం చుట్టూ కోడి ఈకా, కాస్త బొచ్చూ పెట్టి దారంతో కట్టిన పురుగు బొమ్మ. ఊదితే ఎగిరిపోతుంది. బరువంతా లైనులో ఉంటుంది. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి లైను అది, నీటి మీద తేలుతుంది. నా చేతికిచ్చిన రకంలో మొదటి 30 అడుగుల బరువు 9 గ్రాములు. మనం విసిరేది ఆ 9 గ్రాములనే. ఫ్లై ఊరికే దాని వెంట పోతుంది.

కర్రను వెనక్కి ఎత్తి టక్కున ఆపాలి. లైను వీపు వెనక గాలిలో వంపు తిరిగి, ఆ వంపు విప్పుకుంటూ పోయి తిన్నగా సాగుతుంది. సాగిన ఆ క్షణంలోనే ముందుకు తెచ్చి మళ్లీ ఆపాలి. తొందరపడితే కొరడా చప్పుడొచ్చి ఫ్లై తెగిపోతుంది. ఆలస్యం చేస్తే లైను జారి వెనకున్న పొదలకి చుట్టుకుంటుంది. వెనక ఏం జరుగుతోందో కంటికి కనపడదు గనక చేతికి తెలియాలి. లైను సాగినప్పుడు కర్ర కొద్దిగా వంగుతుంది, ఆ వంపు అరచేతికి అందుతుంది. భుజబలంతో పనిలేదు. 1960లో జోన్ వుల్ఫ్ అనే ఆవిడ ఒక ఫ్లైని 161 అడుగుల దూరం విసిరింది. ఆవిడా, ఆవిడ భర్త లీ వుల్ఫ్ కలిసి తరవాత ఈ బీవర్‌కిల్ ఎగువనే, లూ బీచ్ అనే చోట, విసరడం నేర్పే బడి పెట్టారు.

విసరడం గురించి ఇంత చెప్పాను గాని, అసలు విద్య అది కాదు.

నాకు నేర్పినావిడ డెబ్బై దాటిన మనిషి, బళ్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. ఏటికి వెళ్లగానే కర్ర తియ్యనివ్వలేదు. మోకాల్లోతు నీళ్లలోకి తీసుకెళ్లి ఒక రాయి తీసి తిరగేసి చూపించింది. రాతి అడుగున తడి మెరుపులో బల్లపరుపుగా అతుక్కుని పురుగులు పాకుతున్నాయి. కొన్నిటికి మూడు తోకలు, కొన్నిటికి రెండు. పక్కనే ఇసక రేణువుల్నీ చిన్న చిన్న రాళ్లనీ జిగురుతో అంటించుకుని గొట్టంలా ఇల్లు కట్టుకుని అందులో దాక్కున్న పురుగొకటి. రెండు తోకలవి స్టోన్‌ఫ్లైలు. నీటిలో ప్రాణవాయువు నిండుగా లేకపోతే, మురుగు కలిస్తే అవి బతకవు. ఏరు ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోవడానికి వాటిని లెక్కపెడతారు. మూడు తోకలవి మేఫ్లై పిల్లలు. మనం వచ్చింది వీటి కోసమే అందావిడ. చేప మాట అప్పటిదాకా ఎత్తలేదు.

మేఫ్లై జీవితం గురించి చదివే ఉన్నాను. రాయి చేతిలో పెట్టుకుని వింటే వేరుగా ఉంది. ఆ పురుగు దాదాపు ఏడాది పాటు నీటి అడుగున, రాళ్ల మీది పాచి తింటూ, పొర వెంట పొర విడుస్తూ పెరుగుతుంది. వసంతంలో నీళ్లు తగినంత వెచ్చబడ్డాక ఒక మధ్యాహ్నం పైకి తేలి, ఉపరితలం దగ్గర చర్మం చీల్చుకుని, రెక్కలతో బయటికొస్తుంది. రెక్కలు ఆరేదాకా నీటి మీదే కొట్టుకుపోతుంది. తరవాత ఎగిరి ఏ చెట్టు మీదో వాలి మళ్లీ ఒకసారి చర్మం విడుస్తుంది. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే పురుగు జాతి లోకంలో ఇదొక్కటే. అప్పటికి దానికి నోరు పనిచెయ్యదు. తినదు. జత కట్టి, గుడ్లు నీళ్లలో వదిలి, ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది.

క్యాట్‌స్కిల్ ఏళ్లలో ఏప్రిల్ చివర్నుంచి మే మధ్య దాకా వచ్చే రకాన్ని ఇక్కడి వాళ్లు హెండ్రిక్‌సన్ అంటారు. ఎండ పొద్దున్నుంచీ నీటిని కాస్తూ ఉంటే, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు దాటాక, రెండు రెండున్నర గంటల వేళ అవి లేస్తాయి. మేం ఒడ్డున కూర్చుని రొట్టె తింటూ ఎదురుచూశాం. ముందు ఒకటి కనపడింది, తెరచాప ఎత్తిన నావలా రెక్కలు నిలబెట్టుకుని, నీటి మీద తేలుతూ. కాసేపటికి పది. ఇంకాసేపటికి ఏటి నిండా అవే. అప్పటిదాకా చేపే లేదనుకున్న నీటిలో, ఎదుటి ఒడ్డు పక్కన, ఒక ముక్కు పైకొచ్చి పురుగును మింగి లోపలికి పోయింది. దాని పైన ఒక వలయం. కొద్దిగా కిందుగా ఇంకోటి. అవే చోట్లలో మళ్లీ మళ్లీ. అంతవరకూ నాకు ఏరంటే పారే నీళ్లు. ఆ వలయాలు చూశాక దానికి వీధులూ ఇళ్లూ ఉన్నట్టు తెలిసింది. ట్రౌట్ ఎప్పుడూ ఎదురునీటికి ముఖం పెట్టి, రాయి చాటునో, వేగంగా పారే నీరూ మెల్లగా పారే నీరూ ఒరుసుకునే అంచునో నిలబడుతుంది. తనుండేది మెల్లటి నీటిలో, తిండి వచ్చేది వేగపు నీటిలో. వొంటి బలం వృథా చేసుకోకుండా దగ్గరికొచ్చిన దాన్నే తింటుంది.

ఆవిడ పెట్టె తెరిచి, నీటి మీద పోతున్న పురుగునొకదాన్ని పట్టి పక్కన పెట్టి, రంగూ కొలతా చూసి ఒక ఫ్లై తీసి కట్టింది. ఆ రెండిట్లో ఏది పురుగో ఏది ఈకో నేను గుర్తుపట్టగలనుగాని, పక్కపక్కన పెడితే దగ్గరి చుట్టాలే. విసిరాను. ఫ్లై చేపకి మూడడుగుల ఎగువన పడింది, పడవలసిన చోటే. తేలుతూ దాని మీదుగా పోయింది. చేప కదల్లేదు. ఆ వెంటనే ఫ్లైకి జానెడు దూరంలో పోతున్న నిజమైన పురుగును తింది. మళ్లీ విసిరాను, మళ్లీ అంతే. రంగు మార్చాలేమో అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఫ్లైని కాదు, దాని వెనక నీటిని చూడమంది.

చూశాను. సన్నటి గీత. ఫ్లై వెనక వెంట్రుకంత మడత, కంటికి ఆనీ ఆననట్టు. ఒక్కసారి చూశాక ఇక చూడకుండా ఉండలేం. నాకూ చేపకీ మధ్య ఏరు ఒక వేగంతో పారడం లేదు. నా కాళ్ల దగ్గర నెమ్మది, నడిమధ్య ఉరవడి, అవతలి ఒడ్డున మళ్లీ నెమ్మది. నడుమనున్న నీరు లైనుని పట్టుకుని కిందికి లాగుతోంది, లైను కొసనున్న ఫ్లైని లాగుతోంది. దాంతో ఫ్లై తన చుట్టూ ఉన్న నీటి కంటే రవ్వంత వేగంగా పోతోంది. దీన్నే డ్రాగ్ అంటారు, ఈడ్పు. నిజమైన పురుగుకి ఈడ్పు ఉండదు. దాన్ని పట్టుకున్న వాళ్లెవరూ లేరు గనక నీరెలా పోతే అలా పోతుంది. నా ఫ్లై రూపంలో పురుగే. నడకలో కాదు.

చేపకి ఇదెలా తెలుస్తుందో తరవాత చదువుకున్నాను. నీటిలోంచి పైకి చూసే చేపకి బయటి లోకమంతా తల మీదున్న గుండ్రటి కిటికీలోంచే కనపడుతుంది. వెలుతురు నీటిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల ఏర్పడే కిటికీ అది. చేప ఎంత లోతునుంటే దానికి రెండింతల పైచిలుకు వెడల్పు ఉంటుంది. ఆ కిటికీ చుట్టూ ఉన్న నీటి ఉపరితలం చేపకి అద్దం. అందులో ఏటి అడుగే ప్రతిఫలిస్తుంది. ఎగువ నుంచి తేలుతూ వచ్చే పురుగు ముందుగా అద్దంలోనే ప్రవేశిస్తుంది, అప్పటికింకా దాని రెక్కలూ రంగూ చేపకి కనపడవు. కనపడేది కాళ్లు ఆనిన చోట నీటి పొర మీద పడ్డ చిన్న చిన్న నొక్కులు, వెలుగు చుక్కలుగా. కిటికీ అంచుకి చేరాకే రెక్కలు, ఇంకా దగ్గరికొచ్చాకే ఒళ్లు. అంటే చేప రూపం కంటే ముందు నడకను చూస్తుంది. ఈడ్పున్న ఫ్లై అద్దంలో గీత గీస్తూ వస్తుంది. కిటికీ దాకా రాకముందే దాని సంగతి తేలిపోతుంది.

ఇది తెలిసిన దగ్గర్నుంచీ నాకీ పని మీద ప్రేమ పుట్టింది. ఫ్లై నా చేతికి కట్టి ఉంది. కట్టి లేనట్టు పోవాలి. విడిచిపెట్టేస్తే చేప తగిలినప్పుడు అందదు, బిగించి పట్టుకుంటే చేప రాదు. దారం నా చేతిలోనే ఉండాలి, నా చేతి ఉనికి మాత్రం దాని కొసన తెలియకూడదు. దానికి ఉపాయం మెండింగ్. లైను నీటి మీద పడగానే, ఉరవడి దాన్ని కిందికి వంచకముందే, కర్ర కొసతో దాన్ని మెల్లగా ఎత్తి ఎగువకి వంపు పెట్టాలి, ఫ్లై మాత్రం కదలకుండా. ఆ వంపుని నీరు తినేదాకా, రెండు మూడు సెకన్ల పాటు, ఫ్లైకి స్వేచ్ఛ. ఆ కాసింత వ్యవధిలోనే అది చేప మీదుగా పోవాలి. దీనికి నీటిని చదవడం రావాలి. ఎక్కడ ఉరుకుతోంది, ఎక్కడ రాయికి తగిలి వెనక్కి తిరుగుతోంది, నురగ చుక్క ఒకటి ఏ దారిన పోతోంది. చేపను మరిచిపోయి ఆ నురగ చుక్కల వెంట కళ్లు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఏళ్ల తరబడి ఎన్ని వంతెనల మీద నుంచి ఎన్ని ఏళ్లను చూశానో, నీరు ఇన్ని రకాలుగా పోతుందని చూడలేదు. చేప ఒప్పుకోకపోవడం వల్లే చూశాను.

బొమ్మ పురుగుతో చేపని పట్టడం మనిషికి కొత్త కాదు. సుమారు 1,800 ఏళ్ల కిందట రోమ్‌లో ఉండి గ్రీకులో రాసిన ఈలియన్, మాసిడోనియాలోని ఒక ఏటి దగ్గర జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టి, మచ్చల చేపల్ని పట్టేవాళ్లని రాశాడు. దానికి కారణముంది. చేపలు ఇష్టపడే పురుగు చేత్తో ముట్టుకుంటే రంగు పోయేంత నాజూకుది, గాలానికి గుచ్చడానికి పనికిరాదు.

అయితే ఈ క్యాట్‌స్కిల్ ఏళ్లకి తమదైన చరిత్ర ఉంది, దాని నడుమ థియోడార్ గోర్డన్ అనే మనిషి ఉన్నాడు. క్షయతో బాధపడుతూ, ఊరికి దూరంగా నెవర్‌సింక్ ఏటి ఒడ్డున పల్లె ఇళ్లలో ఒంటరిగా ఉంటూ, చలికాలమంతా ఫ్లైలు కట్టుకుంటూ బతికాడు. నీటి మీద తేలే ఫ్లైల గురించి ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886లో పుస్తకం వేశాడు. గోర్డన్ ఆయనకి ఉత్తరం రాస్తే 1890లో ఆయన తన ఫ్లైల నమూనాలు కొన్ని పంపించాడు. వాటిని గోర్డన్ నెత్తిన పెట్టుకుని ఉంటే మనమీనాడు ఆయన పేరు తలుచుకునేవాళ్లం కాదు. హాల్‌ఫర్డ్ ఫ్లైలు ఇంగ్లండులో సుద్దరాతి నేలల మీద నింపాదిగా పారే ఏళ్లకి, అక్కడి పురుగులకి కట్టినవి. క్యాట్‌స్కిల్ ఏళ్లు రాళ్ల మీద దూకుతూ పారతాయి, ఇక్కడి పురుగులు వేరు. గోర్డన్ పద్ధతి తీసుకున్నాడు, నమూనాలు పక్కన పెట్టాడు. తన ఏటి ఒడ్డున కూర్చుని తన పురుగుల్ని చూసి, ఉరవడిలో మునగకుండా తేలేలా గట్టి ఈకలతో కొత్తవి కట్టాడు. క్విల్ గోర్డన్ అనే ఫ్లై ఇప్పటికీ ఆయన పేరుతో ఉంది. 1915లో చనిపోయాడు. ఆయన తిరిగిన నెవర్‌సింక్ లోయలో కొంత భాగం ఇవాళ న్యూయార్క్ నగరానికి తాగునీళ్లిచ్చే రిజర్వాయరు కింద ఉంది. శ్రీశైలం నీళ్ల కింద ఊళ్లకి ఊళ్లే పోగొట్టుకున్న మనకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. బీవర్‌కిల్‌కి ఆ గతి పట్టలేదు.

ఈ కథలో మన దేశపు వస్తువులూ ఉన్నాయి, ఇక్కడ చాలామందికి తెలియదు. 19వ శతాబ్దంలో అమెరికాలో పేరున్న గాలపు కర్రల్ని కలకత్తా నుంచి వచ్చిన వెదురు చీల్చి, ఆరు పలకలు అతికించి చేసేవాళ్లు. చైనా వెదురు తరవాత వచ్చింది. ఇంగ్లిష్ వాళ్లు సాల్మన్ చేపల కోసం కట్టే ఫ్లైలకి మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలంటే ప్రాణం. వాటి కోసం ఆ కోళ్లకి ముప్పొచ్చి, చివరికి ఆ వ్యాపారాన్ని కట్టడి చెయ్యాల్సి వచ్చింది.

ఇంతకీ ఆ చేప. ఎండ వాలుతుండగా, ఒక మెండింగ్ కుదిరింది. ఫ్లై పక్కన తేలుతున్న పురుగుతో సమానంగా, అంగుళం ముందూ వెనకా కాకుండా పోతోంది. ముక్కు పైకొచ్చి ఆ రెండిట్లో నాది మింగింది. కర్ర ఎత్తాను. కర్ర వంగి, ఏరంతా కదిలి చేతిలోకి వచ్చినట్టయింది. ఆ బరువు గురించి ఎంత చెప్పినా తక్కువే. వలలోకి వచ్చాక చూస్తే బ్రౌన్ ట్రౌట్, మోచేతి పొడవుకి కాస్త తక్కువ. బంగారు గోధుమ వన్నె, వీపు మీద నల్ల మచ్చలు, పక్కల ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత వలయం. ఒంటి మీది జిగురు పొర చెదరకుండా చేతులు తడుపుకుని, నీటిలోంచి పైకెత్తకుండా, ముల్లు నొక్కేసిన కొక్కెం తీసి, ఎదురునీటికి తిప్పి పట్టుకున్నాను. తోక ఒక్కసారి కొట్టి వెళ్లిపోయింది.

ఈ చేప కూడా ఇక్కడిది కాదు. 1883లో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో అమెరికా వచ్చింది. ఈ ఏళ్లలో ముందు నుంచీ ఉన్నది బ్రూక్ ట్రౌట్. మన దగ్గర తోళ్లు పదును చెయ్యడానికి తంగేడు చెక్క వాడినట్టే ఇక్కడ హెమ్లాక్ చెట్టు బెరడు వాడేవాళ్లు. 19వ శతాబ్దంలో ఆ బెరడు కోసం క్యాట్‌స్కిల్ కొండల హెమ్లాక్ అడవుల్ని నరికేశారు. నీడ పోయింది, ఏళ్లు వేడెక్కాయి, చల్లటి నీరు లేనిదే బతకలేని బ్రూక్ ట్రౌట్ ఎగువ వాగుల్లోకి తగ్గిపోయింది. కాస్త వెచ్చదనానికి ఓర్చుకునే బ్రౌన్ ట్రౌట్ ఆ చోటు తీసుకుంది. 20 డిగ్రీలు దాటితే దానికీ ఊపిరి కష్టమే. అలాంటి వేళ పట్టి వదిలినా తరవాత చచ్చిపోవచ్చు. అందుకే జూలై మధ్యాహ్నాల్లో తెలిసినవాళ్లెవరూ ట్రౌట్ జోలికి పోరు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అక్కడ తెల్లవారి కాఫీ వేళ.

"ఎంతుంటుంది?" అంది.

"ముప్పావు కిలో ఉంటుందేమో."

"పులుసు పెట్టుకున్నావా?"

"వదిలేశానమ్మా. ఇక్కడ వదిలెయ్యాలి."

కాసేపు మాట్లాడలేదు. "పట్టి వదిలేసేదానికి దాన్ని యాతన పెట్టడం ఎందుకురా? తినేదయితే పట్టు. లేకపోతే దాని మానాన దాన్ని బతకనియ్యి."

నేను ఇక్కడి వాదన చెప్పాను. ఇంతమంది వచ్చే ఏట్లో పట్టినవాళ్లంతా ఇంటికి తీసుకుపోతే రెండేళ్లలో చేప మిగలదు. మంచి చేప ఒక్కసారి మాత్రమే పట్టి ఊరుకునేంత చవక కాదని లీ వుల్ఫ్ 1930ల నుంచే వాదించాడు. బీవర్‌కిల్‌లో కొన్ని మైళ్ల మేర పట్టిన ప్రతి చేపనీ వదలాలన్న నిబంధన 1960ల నుంచీ ఉంది, ఏరు ఇవాళ ఇలా ఉండటానికి అదొక కారణం. అన్నీ నిజాలే. అమ్మ అడిగింది మాత్రం ఏటి గురించి కాదు, ఆ ఒక్క చేప గురించి. దాని నోట్లో దిగిన కొక్కేనికి, అది నా చేతిలో పడ్డ ఆ రెండు నిమిషాల భయానికి ఈ లెక్కల్లో జవాబు లేదు. వదిలేశాను గనక నా చెయ్యి శుభ్రం అనుకోవడం నాకు చేతకాదు. ఆకలికి పట్టి, పొలుసు తీసి, పులుసు పెట్టి, ముల్లు కూడా వదలకుండా తినే మా ఇంటి పద్ధతిలో చేపకి దక్కే మర్యాద ఇందులో లేదు. ఈ విద్యలో ఉన్న శ్రద్ధ ఆ పద్ధతిలో లేదు. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు.

రోజుల తరబడి ఆలోచిస్తే నాకు ఒక దారి కనపడింది. నేను నేర్చుకోవాలనుకున్నది ఫ్లైని పురుగులా నడిపించడం. అది కుదిరిందో లేదో తేల్చేది చేప. పైకొచ్చి మింగగానే తీర్పు చెప్పేసింది. ఆ తరవాత కొక్కెం దిగడం, కర్ర వంగడం, వలా, అవన్నీ నా సరదా. అందుకని ఇప్పుడు కొన్ని ఫ్లైలకి కొక్కెం వంపు దగ్గర శ్రావణంతో తుంచేస్తున్నాను. పూటకి ఒక చేప మామూలు ఫ్లైతో. తరవాతంతా తుంచినవాటితో. చేప వస్తుంది, నోరు మూస్తుంది, ఈక రుచి నచ్చక ఊసేస్తుంది, లైను రెప్పపాటు బిగిసి వదులవుతుంది. ఒడ్డునున్న కొందరికి ఇది వింతగా ఉంది. నాకు నేర్పినావిడకి నచ్చింది గాని, తను మాత్రం చెయ్యనంది. చేప బరువు చేతికి తెలియకపోతే ఏటితో మాట సగంలో ఆగినట్టుంటుందట. ఆ వెలితి నాకూ తెలుసు. ఆ బరువు మళ్లీ కావాలనిపిస్తుంది, ప్రతిసారీ. అమ్మకి చెబితే, "ఆ ఒక్కటీ ఎందుకు మరి?" అంది. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఈ నెలాఖరుకి సల్ఫర్ అనే పసుపు మేఫ్లైలు సాయంత్రాలప్పుడు లేవడం మొదలవుతుంది. వాటి కోసం లేతపసుపు దారం, ఇంకా చిన్న సైజు కొక్కేలు తెచ్చుకున్నాను.